గాలి కొట్టిన చెయ్యి

పోయిన వారం నంద్యాలలో మా అమ్మాయి ఇంట్లో మనవరాలు జెస్సీ కీబోర్డు ముందు కూర్చుని ఏడుస్తూ ఉంది. ఆ సంగతి నాకు చాలాసేపు తెలియలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది కాబట్టి పాట దానికే వినపడుతుంది. ఎదురుగా సోఫాలో కూర్చున్న నాకు వినపడేది మెట్ల మీద వేళ్లు పడే టకటక మాత్రమే. ఆ టకటక ఒక చోటికి వచ్చి ఆగుతోంది, మళ్లీ మొదటికి పోతోంది, మళ్లీ అక్కడే ఆగుతోంది. పేపరు మడిచి తలెత్తేసరికి పిల్ల గడ్డం మీదుగా నీళ్లు కారుతున్నాయి.

"ఏమైంది పాపా?" అన్నాను, ఒక చెవి మీది హెడ్‌ఫోను పక్కకు జరిపి.

"ఏం లేదు తాతా. నిన్న బాగా వచ్చింది. ఈ పొద్దు రావట్లేదు. చేతులు నావి కానట్టున్నాయి."

"నాకు ఒకసారి వినిపియ్యి."

"వద్దు. బాగా వచ్చినాక వినిపిస్తా."

మళ్లీ హెడ్‌ఫోను సర్దుకుంది. సాయం చెయ్యాలని ఉంది, కానీ ఆ యంత్రం దగ్గర నేను చెయ్యగల పని ఒక్కటీ లేదు. దానికి కావలసింది కరెంటు, కరెంటు గోడలో ఉంది. వెనక్కి వచ్చి పేపరు తెరిచాను గానీ చదవలేదు. చేతులు నావి కాకుండా పోయిన రోజులు ఆళ్లగడ్డలో మా హార్మోనియం దగ్గర నాకు లెక్కలేనన్ని. ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక్కసారి కూడా నన్ను ఒంటరిగా వదిలిపెట్టలేదు. అప్పుడు అది నాకు శిక్షలాగే ఉండేది.

ఆళ్లగడ్డలో మేము అద్దెకున్న ఇల్లు శిల్పులు పనిచేసే కొట్టాల వెనక ఉండేది. తెల్లవారిన దగ్గర్నుంచి రాతి మీద ఉలి దెబ్బలు వినపడుతూనే ఉండేవి. గాలి ఇటు తిరిగితే రాతి పొడి వచ్చి ఆరేసిన బట్టల మీద, మూత వెయ్యని నీళ్ల బిందె మీద పడేది. నాయన, ఆయన అక్క సుగుణమ్మ ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్లు. సుగుణమ్మత్త పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేది. పొద్దున్నే మోకాళ్ల మీద ప్రార్థన, తర్వాత కాఫీ, తర్వాత చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరడం, ఆ తర్వాత వేళ్లకు వేపనూనె పట్టించి గడప దగ్గర ఎండలో చేతులు చాపుకుని కూర్చోవడం. ఆమె వేళ్ల కణుపులు అప్పటికే ఉబ్బి బిగుసుకుపోతున్నాయి. ఆ నూనె చేదు వాసన, దాని మీద అమ్మ బొరుగుల ఉగ్గానికి పెట్టే తాలింపు వాసన, రెండూ కలిసి మా ఇంటి పొద్దుటి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా వేపనూనె వాసన తగిలితే నా కుడిచేతి వేళ్లు వాటంతట అవే కదులుతాయి.

హార్మోనియం అత్తదే. వారమంతా ఇంట్లో ఉండేది, ఆదివారం దాన్నే చర్చికి మోసుకుపోయేవాళ్లం. మేము పుట్టక ముందు నుంచీ చర్చిలో వాయించేది అత్తే. వేళ్లు పట్టు తప్పుతున్నాయని తెలిసినాక ఒక ఆదివారం ఆరాధన అయిపోయిన వెంటనే పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయి, వచ్చే కోత పండుగకు నేను వాయించను, ఇంకొకరిని చూసుకోండి అని చెప్పేసింది. కోత పండుగంటే మాకు క్రిస్మస్ తర్వాత అంత పెద్ద పండుగ. చుట్టుపక్కల పల్లెల నుంచి జొన్న కంకులు, వేరుశనక్కాయల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు చర్చికి తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన తర్వాత వాటిని వేలం వేస్తారు. ఆ రోజు హార్మోనియం ముందు కూర్చున్నవాడిని నాలుగూళ్ల జనం చూస్తారు. సంఘపెద్ద ఆశీర్వాదంగారు అక్కడే తేల్చేశాడు, "ఇంకొకరెందుకమ్మా? మీ తమ్ముని కొడుకు ఉండాడు గదా. నేర్పించు."

ఆ కొడుకును నేనే. నంద్యాలలో ఇంటరు చదివేవాణ్ని, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాణ్ని. ఆయన ఆ మాట అన్న క్షణం నుంచి ఆ చోటు నాదే అనుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తూ, నేను వాయిస్తుంటే జనమంతా లేచి నిలబడినట్టు ఊహించుకునేవాణ్ని. పాట రాకముందే పొగడ్తలు వచ్చేశాయి నా తలలోకి.

నాతోపాటు మా చెల్లెలు కరుణ కూడా నేర్చుకునేది. ఎవరూ దాన్ని నేర్చుకోమనలేదు, వద్దనలేదు. అమ్మకు పని అందించి, తొమ్మిదో తరగతి పాఠాలు చదువుకుని, మిగిలిన కాసింత సేపు చాప మీదికి వచ్చి కూర్చునేది. నేను కూర్చునే వేళకు మాత్రం ఇంట్లో అందరూ దారి ఇచ్చేవాళ్లు. అమ్మ గిన్నెలు మెల్లగా దించేది. నాయన రేడియో ఆపేవాడు.

మొదటి నెలలు బాగానే పోయాయి. తర్వాత చెడ్డ రోజులు మొదలయ్యాయి. నిన్న నీళ్లలా పారిన పాట ఈ రోజు వేళ్లలోనే ముడిపడిపోయేది. తప్పు పడిన చోట ఆగి, మొదటి నుంచి ఎత్తుకుని, ఇంకా జోరుగా వాయించి, అదే చోట మళ్లీ పడేవాణ్ని. కోపంతో మెట్లను గుద్దేవాణ్ని. బయటి ఉలి దెబ్బల వల్ల తాళం చెడిపోతోందని ఒకసారి అరిచాను. అత్త చేటలోంచి తల ఎత్తకుండా, "వాళ్లేమన్నా నీ పెట్టె చప్పుడుకు విగ్రహం ముక్కో చెవో పగలగొట్టుకున్నామని వచ్చి అడిగినారా?" అంది. కాసేపటికి చేట పక్కన పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"తప్పు పడినప్పుడల్లా మొదటికి పోతాండావు. ఈ పాటకు మొదలు బాగా వచ్చింది నీకు. ఆఖరు యాడుందో నీకే తెలీదు."

"ఈ పొద్దు రావడం లేదత్తా."

"అది నాకూ వినపడతాంది. సరే, చెయ్యి తియ్యి. ఇటు వచ్చి కూర్చో. కరుణా, రామ్మా, నువ్వు వాయించు. వాడు గాలి కొడతాడు."

హార్మోనియం తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వాయించేవాడు కుడిచేత్తో మెట్లు నొక్కుతూ ఎడమచేత్తో వెనకవైపున్న మడతల తిత్తిని ఆడిస్తాడు. ఆ తిత్తిలోంచి వచ్చే గాలే పాట. ఎదురుగా ఇంకొకరు కూర్చుని తిత్తి ఆడిస్తే వాయించేవాళ్లకు రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. అత్త ఇంటి చట్టం ఇదే. చెడ్డ రోజు వచ్చినవాడు చాప మీంచి లేవకూడదు, మెట్ల మీద చెయ్యి వెయ్యకూడదు, ఎదురుగా కూర్చుని రెండోవాళ్లకు గాలి కొట్టాలి. కరుణకు చెడ్డ రోజైతే అది నాకు గాలి కొట్టాలి. న్యాయంగానే ఉంది. కానీ నెలలు గడిచేకొద్దీ ఎదురుగా కూర్చునేది ఎక్కువగా నేనే అయ్యాను.

అది నేను ఓర్చుకోలేకపోయాను. కమ్మరి కొలిమి దగ్గర పనివాడిలా, ఇంటర్ చదివేవాణ్ని, తొమ్మిదో తరగతి పిల్లకు గాలి కొట్టడమా? పైకి అనలేదు గానీ చేత్తో అన్నాను. దాని పాట బాగా సాగుతున్న చోట తిత్తిని కొంచెం వదులుగా పట్టేవాణ్ని. స్వరం నీరసపడి, పిల్లి మూలిగినట్టు మూలిగి ఆగిపోయేది. అది కంగారుపడి నావైపు చూసేది. నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ని. రెండుసార్లు అలా అయినాక అత్త గడప దగ్గర నుంచే పిలిచింది.

"ఒరేయ్ అబ్బోడా."

"ఏందత్తా."

"దాని వేళ్లు సరిగ్గానే ఉండాయి. నీ కోపం దాని పాటలో వినపడతాంది. నీ కోపం నీ పాటలో పెట్టుకో పో."

కరుణ కిసుక్కున నవ్వింది. "ఇప్పుడు వాని పాటలో ఉండేది అదే గదత్తా," అంది. అమ్మ వంటింట్లోంచి "నోర్ముయ్యే" అంది గానీ ఆమె గొంతులోనూ నవ్వు ఉంది. నేను ఆ రోజు అన్నం తినకుండా బస్సెక్కాను. నంద్యాల చేరేదాకా ఆకలి, సిగ్గు, ఏది ఏదో తెలియలేదు.

కరుణ నేర్చుకునే పద్ధతి నాకు పిల్లచేష్టలా కనిపించేది. పెద్ద రోడ్డు మీద కడప బస్సు హారను కొడితే దాని స్వరం ఏ మెట్టులో ఉందో వెతికి పట్టుకునేది. "అన్నా, ఈ పొద్దు బస్సు నిన్నటికంటే ఒక మెట్టు కింద కూస్తాంది," అనేది. ఉప్పమ్మే ఆమె కేక, పక్కింటి దూడ అరుపు, నాయన ఆవలింత, దేన్నీ వదిలేది కాదు. నేను మాత్రం అన్ని పాటలూ ఒకే మెట్టు మీంచి మొదలుపెట్టి సాధన చేసేవాణ్ని. అది నాకు అలవాటైన చోటు, నా వేళ్లకు ఇల్లు లాంటిది. ఆ ఇల్లు దాటి బయట అడుగుపెట్టాల్సిన రోజు వస్తుందని నాకు తోచలేదు. వేరే మెట్ల మీంచి కూడా ఎత్తుకుని చూడమని అత్త ఒకటి రెండు సార్లు చెప్పింది. వింటున్నట్టు తల ఊపాను.

గాలి కొట్టడం మాత్రం, నేను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నా చేతికి వచ్చేసింది. ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. పాట పైకి పోయే ముందు కొంచెం ఎక్కువ గాలి ముందే ఇచ్చి ఉంచాలి. పదం ముగిసే చోట చెయ్యి ఆగకూడదు, తేలిక పడాలి. కుదుపు వస్తే అది పాటలో వినపడుతుంది. ఒక సాయంత్రం కరుణ పాట పూర్తిచేసి, "ఈ పొద్దు నువ్వు ఉండావని కూడా మర్చిపోయినానన్నా," అంది. తిట్టిందో మెచ్చుకుందో తేల్చుకోలేక "పోవే" అన్నాను.

కోత పండుగ నాటికి నా పాటలు బాగానే వచ్చాయి. ముందు రోజు ఒక్క తప్పు లేకుండా అన్నీ వాయించాను. అత్త సరేనంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, హార్మోనియం నేనే భుజాన పెట్టుకుని చర్చికి తీసుకుపోయాను. ముందు చాప పరిచి కూర్చుంటే నా పక్కన జొన్న కంకుల కట్టలు, వెనక కోళ్లు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, వాకిలి బయట కూడా జనమే. అయ్యగారు కోత పాట అనగానే నేను నా మెట్టు మీద వేలు పెట్టి గాలి అందుకున్నాను.

అప్పుడు ఎలీశమ్మవ్వ పాట ఎత్తుకుంది. ఉయ్యాలవాడ నుంచి చిన్నప్పుడే కోడలుగా వచ్చిన ముసలమ్మ. చర్చిలో ఏ పాటైనా ముందు ఆమె గొంతులో పుట్టాల్సిందే, అది ఎవరూ రాయని నియమం. హార్మోనియం అందుకునేదాకా ఆగడం ఆమెకు తెలియదు. మామూలు రోజుల్లో ఆమె గొంతు ఎక్కడ పడుతుందో అత్త విని, అక్కడికి చేతులు జరుపుకునేది. పండుగ ఉత్సాహంలో అవ్వ ఆ రోజు ఎక్కడో పైన ఎత్తుకుంది. నా పాట కింద ఉంది. వెతికాను. ఒక మెట్టు, ఇంకో మెట్టు, దొరకలేదు. నా ఇల్లు తప్ప వేరే చోటు తెలియని వేళ్లు చలికి బిగిసినట్టు బిగిశాయి. అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అవ్వను నా దారికి తెచ్చుకుందామని గట్టిగా, ఇంకా గట్టిగా వాయించాను. మగవాళ్లలో సగం నావైపు వచ్చారు, ఆడవాళ్లంతా అవ్వతోనే ఉన్నారు. చర్చిలో రెండు పాటలు పోట్లాడుకున్నాయి. వెనక కోళ్లు కూడా అందుకున్నాయి.

ఒక చరణం అలాగే ఈడ్చాను. రెండో చరణానికి ముందు నాకు ఒక్కటే అర్థమైంది. ఇది చెడ్డ రోజు. చెడ్డ రోజు ఏం చెయ్యాలో మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మెట్ల మీంచి చెయ్యి తీశాను. లేచి చాపకు అటువైపు, జనానికి వీపు పెట్టి కూర్చున్నాను. తల వెనక్కి తిప్పి, ఆడవాళ్లలో ముందు వరసలో కాకరకాయల గంప పట్టుకుని కూర్చున్న కరుణను చూసి, "రా," అన్నాను.

అది కళ్లు పెద్దవి చేసింది. "నేనా?"

"నువ్వే. తొందరగా రా."

గంప పక్కనామె ఒళ్లో పెట్టి వచ్చింది. ఆశీర్వాదంగారు గట్టిగా దగ్గాడు. అవ్వ ఇదేమీ పట్టించుకోకుండా రెండో చరణంలోకి దిగింది. కరుణ తల కొంచెం వంచి బస్సు హారను విన్నట్టు ఆమె గొంతు విన్నది. ఒక మెట్టు తాకి వదిలేసింది. రెండోది తాకింది. అంతే, అక్కడే ఉంది అవ్వ. నేను గాలి ఇచ్చాను. కరుణ ముందు భయంభయంగా ఒక చెయ్యి, తర్వాత రెండు చేతులు మెట్ల మీద వేసింది. చర్చి అంతా ఒక్క గొంతయింది. జనం నాకు కనపడరు, నాకు కనపడేది మా చెల్లెలి వేళ్లు, వాటి కింద నేనిచ్చే గాలి. ఆ పాటలో ఒక్క కుదుపు లేదు. జీవితంలో ఎన్నో పనులు సగంలో వదిలేసినవాణ్ని, మాట మీద నిలబడని సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆ రోజు చెయ్యి తీసిన క్షణం గురించి మాత్రం నాకు ఈ వయసులో కూడా గర్వంగానే ఉంటుంది. ఆ రోజు దాకా నేను కోరుకున్న గర్వం వేరు, దొరికింది వేరు.

వేలం అయిపోయినాక ఆశీర్వాదంగారు నాయనను పట్టుకున్నాడు. "ఏం సారూ, మగపిల్లోడు ఉండంగా ఆడపిల్లను కూర్చోబెట్టినారే ముందర? నాలుగూళ్లోళ్లు చూసినారు."

నాయన మెతక మనిషి. పెద్దలకు ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. నావైపు చూశాడు. నేను నోరు తెరవకపోతే వచ్చే ఆదివారం ఆ చాప మళ్లీ నాదే అవుతుందని నాకు తెలుసు. కరుణ కొంచెం దూరంలో కోడి కాళ్ల తాడు విప్పుతున్నట్టు నటిస్తూ వింటోంది.

"నాకంటే దానికే బాగా వచ్చు పెద్దయ్యా," అన్నాను. "వచ్చే వారం గూడా అదే వాయిస్తాది. నేను గాలి కొడతా."

"గాలి కొడతావా? అదొక పనా అప్పా?"

పక్కనే నిలబడిన అత్త అందుకుంది. "వచ్చే ఆదివారం నువ్వు కొట్టి చూడప్పా ఆశీర్వాదం, పనో కాదో తెలుస్తాది."

ఇప్పుడు జెస్సీకి వారానికి కొన్నిసార్లు సంగీతం టీచరు ఫోనులో కనపడి పాఠం చెబుతుంది. కీబోర్డు శ్రుతి తప్పదు, వానకు మెట్లు ఉబ్బవు, తిత్తికి చీమలు కన్నాలు పెట్టవు. మేము అనుభవించిన చాలా కష్టాలు వీళ్లకు లేవు, అది మంచిదే. మా రోజులు బంగారమని నేను అనను. అమ్మ గిన్నెలు మెల్లగా దించింది నా కోసం, కరుణ కోసం కాదు, ఆ సంగతి అప్పుడు ఇంట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు, నాకు అసలే తోచలేదు. అయినా ఒక్క విషయంలో మా పాత పెట్టె గొప్పదనిపిస్తుంది. పాట రానివాడికి కూడా దాని దగ్గర కూర్చునే చోటు ఉండేది. చెడ్డ రోజు పాటలోంచి బయటికి పోనక్కర్లేదు, ఇటు నుంచి లేచి అటు కూర్చుంటే చాలు. చెవులు మూసుకుని ఒక్కతే ఏడ్చే పిల్లకు అలాంటి చోటు నేను ఎక్కడ చూపించాలో నాకు ఇంకా తెలియలేదు.

ఆ కోత పండుగ తర్వాత చాలా నెలలు ప్రతి ఆదివారం నేను గాలి కొట్టాను. ఒక శనివారం సాయంత్రం నంద్యాల బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి కరుణ నా కోసం గడప దగ్గర కాచుకుని ఉంది. "అన్నా, రేపటి నుంచి నేను ఒక్కదాన్నే చూసుకుంటా. ఎడమచేత్తో గాలి కొట్టుకోవడం వచ్చేసింది. నువ్వు పో, నాయన పక్కన కూర్చో," అంది. నా ముఖం చూసి, "కోపమొచ్చిందా?" అని అడిగింది. రాలేదన్నాను. వచ్చింది, రాత్రి అన్నం తినేలోపల పోయింది.

మర్నాడు మగవాళ్లలో నాయన పక్కన కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చానాళ్లుగా హార్మోనియాన్ని చేత్తో వింటున్న నేను ఆ రోజే దాన్ని చెవులతో విన్నాను. అవ్వ ఎత్తుకున్నది ఎక్కడో, కరుణ అందుకున్నది ఎక్కడో ఎవరికీ తేడా తెలియకుండా పాట మొదలైపోయింది. పాట అయినాక అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నారు. నా పక్కన కోవెలకుంట్ల నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన ఉన్నాడు. ప్రార్థన మధ్యలో ఆయన నా మోచెయ్యి తట్టి, గుసగుసగా, "ఎవరప్పా ఆ పిల్ల? అంత బాగా వాయిస్తాంది?" అన్నాడు.

గుసగుసగానే చెప్పాలనుకున్నాను.

"మా చెల్లెలు," అన్నాను, చర్చిలో అందరూ కళ్లు తెరిచేంత గట్టిగా.